92 మైళ్ళు, అయినా అవే 205 గజాలు

పదకొండు దాటినా నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. గోల్ఫు బంతిని ఇంకాస్త దూరం కొట్టాలని ఆరు వారాలుగా రోజు విడిచి రోజు మేడ మీద స్వింగు వేగం పెంచే మూడు కర్రలు (డ్రైవరు, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు, దాని కంటె ఒకటి 20 శాతం, ఇంకొకటి 10 శాతం తేలిక, మూడోది 5 శాతం బరువు) ఊపుతున్నాను; ఆ ఊపులో బట్టల తీగ కూడా తెగింది. ఈ ఉదయం సాధన చేసే రేంజిలో కొలిస్తే నా స్వింగు వేగం, అంటే క్లబ్బు వేగం, గంటకు 88 మైళ్ళ నుంచి 92కు పెరిగింది. మైలుకు రెండున్నర గజాల చొప్పున పది గజాలు కలిసిరావాలి. బంతి మాత్రం ఎప్పటిలాగే 205 గజాల దగ్గర ఆగింది.

అది చాలదన్నట్టు, పక్క మ్యాటు మీది పెద్దమనిషి అడగకుండానే వచ్చి, "మీకు కాళ్ళలో బలం చాలదండీ, జిమ్ముకు వెళ్ళండి, గోల్ఫరు డిషాంబో కండలు పెంచే కదా 2020లో యూఎస్ ఓపెన్ గెలిచాడు" అన్నారు. ఆయన కొట్టిన బంతుల్లో సగానికి పైగా కుడివైపు వలకు తగులుతున్నాయని నేను అనలేదు. అనవలసింది. భోజనం దగ్గర మా ఆవిడ "ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" అని రెండుసార్లు అడిగింది.

బలమట! మా ఊళ్ళో బండి తోలే తాత చువ్వలా ఉండేవాడు. అయినా చెర్నాకోలను ఎద్దుల వీపుకు తగలనివ్వకుండా గాలిలోనే ఛెళ్ళుమనిపించేవాడు. ఎనిమిదేళ్ళ వయసులో నేను పళ్ళు బిగించి ఊపితే చప్పుడు రాకపోగా కొస వచ్చి నా చెవికే తగిలింది. "చెయ్యి ఆగితేనే గదయ్యా కొస పరిగెత్తేది" అని ఆయన నవ్వాడు. డ్రైవరును తలకిందులుగా పట్టుకొని ఊపించేటప్పుడు మా కోచ్ అడిగేదీ అదే: ఉస్సుమనే చప్పుడు బంతి ఉండే చోటు దాటాక వినిపించాలి. నాకది కుడి భుజం దగ్గరే వినిపిస్తోంది.

ఇందాక కాగితం తీసి లెక్క వేశాను. బంతి వేగం అప్పుడూ ఇప్పుడూ 125 మైళ్ళే. అంటే అప్పుడు క్లబ్బు వేగానికి 1.42 రెట్లు, ఇప్పుడు 1.36 రెట్లు. పెరిగిన వేగం చేతులది, బంతి క్లబ్బు ముఖం మధ్యలో తగలడమే తగ్గింది. కర్రలు దండగని, ఎవరికైనా ఇచ్చేద్దామని ఇక్కడిదాకా రాసి ఆగాను. కానీ ఆ నాలుగు మైళ్ళు అబద్ధం కాదు. మునుపటిలా మధ్యలో తగిలితే బంతి 131 మైళ్ళు అందుకోవాలి. కాబట్టి కర్రలు ఉంటాయి. వారం పాటు వాటికి ముందు పాదాలు రెండూ దగ్గర పెట్టి మెల్లగా యాభై బంతులు, డ్రైవరు ముఖానికి పౌడరు చల్లి మచ్చ ఎక్కడ పడుతోందో చూసుకుంటూ.

కాళ్ళలో సత్తువ లేదన్నది మాత్రం, ఆ పెద్దమనిషి అన్నా, నిజమేనేమో. రేపు మేడ మీద వడియాలు పెడతారట; కర్రలు కిందికి తెచ్చి తలుపు వెనక నిలబెట్టాను.