మిద్దె మీద మిరప: కారం దంచే దశకు వచ్చాం

ఫిబ్రవరి చివర

కర్నూలు ఎండ బాగా అందింది. కుండీల్లో పండిన బ్యాడిగి, గుంటూరు సన్నాలు రెండూ గలగలమనేలా ఎండాయి. తొడిమలు తీసి వేర్వేరు సంచుల్లో కట్టాను. రంగుకు బ్యాడిగి, కారానికి సన్నాలు. మా ఇంటి ఉల్లికారానికి మూడు పాళ్లు బ్యాడిగి, ఒక పాలు సన్నాలు సరిపోతాయి.

మార్చి

రోట్లో దంచడం మొదలుపెట్టగానే అందరికీ తుమ్ములు, ముక్కు కారడం. పక్కింటి అక్క "నీకు దుమ్ము పడదేమోప్పా, అలర్జీ మాత్ర వేసుకో" అంది. ఇది అలర్జీ కాదు. ఆ తేడా తెలిస్తేనే దంచే పద్ధతి మార్చుకోగలం.

ముక్కు లోపలి పొరలో నొప్పిని, వేడిని పసిగట్టే నరాల కొసలుంటాయి. వాటి మీద టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి అది తెరుచుకుంటుంది. మిరపకు కారం తెచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం తగిలినా తెరుచుకుంటుంది, అందుకే చల్లని పొడి కూడా మంటగా అనిపిస్తుంది. 1997లో ఈ ప్రొటీన్‌ను గుర్తించిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021 వైద్య నోబెల్‌లో వాటా దక్కింది. నరం మెదడుకు కబురు పంపి ఊరుకోదు. తన కొసల దగ్గరే సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే పదార్థాలను వదులుతుంది. వాటి వల్ల రక్తనాళాలు విచ్చుకుంటాయి, గ్రంథులు నీరు ఊరిస్తాయి. అలర్జీలో ముందు నడిచేది ఒంట్లోని కణాలు వదిలే హిస్టమిన్ అనే పదార్థం, ఇక్కడ మొదలు నరమే.

నాకు బాగా ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. క్యాప్సైసిన్ పదేపదే తగిలితే ఆ నరాలు మొద్దుబారతాయి. అలర్జీ లేకుండానే ఏళ్ల తరబడి ముక్కు కారేవాళ్లలో కొందరికి డాక్టర్లు ముక్కులో మత్తుమందు వేసి, కొలిచిన మోతాదులో దీన్నే వైద్యంగా వాడతారు. ఇంట్లో కారంతో మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. ఉబ్బసం ఉన్నవాళ్లు దంచే చోటికే రావద్దు.

తర్వాతి వాయి

రోలు మిద్దె మీదికి మార్చి, గాలి నా వైపు నుంచి రోటి మీదుగా పోయేలా కూర్చున్నాను. కాయలతో కాస్త కళ్లుప్పు, చెంచా వేరుశెనగ నూనె వేశాను. పొడి పైకి లేవడం బాగా తగ్గింది. ముక్కుకు మూడు మడతల గుడ్డ. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు కాబట్టి చేతులకు ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడిగాను.

కారం ఎక్కువగా ఉండేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. సన్నాల్లో సగానికి అది తీసి పెట్టాను. రెండు రకాలూ విడిగా దంచి, సంగటిలోకి ఉల్లికారం చేసి రుచి చూడాలి. విత్తనానికి నిండుగా ఉన్న కాయలు పక్కన పెట్టాను.