మంచు పుస్తకాలు, వాన పుస్తకాలు

మా ఇంట్లో అట్ట ఊడిపోయేదాకా చదివిన పుస్తకం ఒకటుంది. స్వీడన్‌కి చెందిన ఎల్సా బెస్కోవ్ 1907లో తనే రాసి, తనే బొమ్మలు వేసింది. ఒల్లె అనే కుర్రాడికి పుట్టినరోజుకి కొత్త స్కీలు వస్తాయి. వాటి మీద అడవిలోకి వెళ్తే నూగుమంచు మామయ్య ఎదురై, శీతాకాలపు రాజుగారి కోట చూపించడానికి తీసుకెళ్తాడు. దారిలో ఇంకొకావిడ కూడా తగులుతుంది. చీపురు పట్టుకుని తిరిగే ముసలమ్మ, మంచు కరిగించడం ఆవిడ పని. ఇంకా నీ వేళ కాలేదు పొమ్మని మామయ్య ఆవిడని తరిమేస్తాడు. చివరికి ఆవిడే మళ్లీ వచ్చి మంచునంతా ఊడ్చేస్తే, ఆ వెనకాలే వసంత రాకుమారి వస్తుంది.

మేముండే చోట చలికాలం చివర్లో మంచు సగం కరిగి, బూడిద రంగు బురదై బూట్లకి అంటుకుంటుంది. పెద్దవాళ్లందరూ విసుక్కునే రోజులవి. మా అమ్మాయి మాత్రం కిటికీలోంచి చూసి "అమ్మా, ముసలమ్మ పనిలోకి దిగింది" అంటుంది. తెలుగులోనే అంటుంది, ఎందుకంటే తను ఆ కథ విన్నది తెలుగులోనే. పేజీ మీద ఇంగ్లీషు అక్షరాలున్నా, బొమ్మ చూపిస్తూ నేను చెప్పింది మన మాటల్లో.

పరాయి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్లం పుస్తకాల గురించి మాట్లాడుకుంటే, మనవి ఏవి తెప్పించాలి, ఎలా అలవాటు చేయాలి అన్నదాని చుట్టూనే మాట తిరుగుతుంది. ఆ ఆరాటం నాకూ ఉంది. కానీ ముందు కావలసింది పిల్లలు రోజూ నడిచే నేల పుస్తకాలే అని నా నమ్మకం. వాటిని తెలుగులో చెప్పాలి. కిటికీ బయట కురిసే మంచు గురించి తెలుగులో మాట్లాడుకున్న పిల్లలు, వాళ్లెప్పుడూ తడవని తొలకరి గురించి తెలుగులో చెప్పినా నమ్ముతారు. బయట కనబడేదంతా ఇంగ్లీషులో, కనబడనిదంతా తెలుగులో అయితే మాత్రం, కొన్నాళ్లకి తెలుగు అన్నది తాతయ్యలతో ఫోన్లో మాట్లాడే భాషగా మిగిలిపోతుంది.

అదృష్టం ఏమిటంటే, చలిదేశాల పాత బొమ్మల పుస్తకాలు తెలుగులోకి చాలా సులువుగా ఒదుగుతాయి. జర్మనీలో సిబిల్లె ఫాన్ ఒల్ఫర్స్ అనే సన్యాసిని 1906లో వేసిన వేరుపిల్లల పుస్తకమే చూడండి. చలికాలమంతా మట్టి కింద నిద్రపోయిన పిల్లల్ని భూమాత లేపుతుంది. వాళ్లు తమ గౌన్లు తామే కుట్టుకుంటారు, పురుగులకి రంగులు పూస్తారు, వసంతం రాగానే పువ్వులు పట్టుకుని ఊరేగింపుగా పైకొస్తారు. వేసవంతా ఆడుకుని, శరత్తులో గాలి తరిమితే మళ్లీ భూమాత ఒడికి చేరతారు. భూమాత అనగానే మా పిల్లలకి పరాయి కథ అనిపించలేదు.

ఎజ్రా జాక్ కీట్స్ 'ది స్నోయీ డే' గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1962లో వచ్చింది, మరుసటి ఏడాది, అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం అందుకుంది. పీటర్ అనే నల్లజాతి పిల్లాడు ఎర్ర కోటు వేసుకుని మంచులోకి వెళ్తాడు. కాళ్లు ఒకసారి బయటికి తిప్పి, ఒకసారి లోపలికి తిప్పి అడుగుల ముద్రలు వేస్తాడు. కర్రతో చెట్టుని కొడితే మంచు నెత్తిన పడుతుంది. రేపటికోసం ఒక ఉండ చేసి జేబులో దాచుకుంటాడు, అది కరిగిపోతుంది. అంతే కథ. పీటర్ ఒంటి రంగు గురించి ఒక్క మాటా లేదు, బొమ్మలో ఉంటాడంతే. కీట్స్ బ్రూక్లిన్‌లో పుట్టాడు, తల్లిదండ్రులు పోలండ్ నుంచి వలస వచ్చిన యూదులు. తన చుట్టూ ఉన్న పుస్తకాల్లో అలాంటి పిల్లాడు ఎందుకు లేడని ఆలోచించి పీటర్‌ని గీశాడు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తన 125 ఏళ్ల చరిత్రలో పాఠకులు ఎక్కువసార్లు తీసుకెళ్లిన పుస్తకాల జాబితాని 2020లో ప్రకటిస్తే, మొదటి స్థానంలో ఈ పుస్తకమే ఉంది. గోధుమరంగు చేతులున్న మా పిల్లలకి, మంచులో ఆడుకునే హక్కు తమకీ పూర్తిగా ఉందని ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేకుండా ఈ పుస్తకం చెప్పింది. ఈ ఒక్కటి మాత్రం ప్రవాసంలో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండాలంటాను.

మా ఇంట్లో అసలు చర్చ మొదలైంది ఆకుల దగ్గర. ఈ పుస్తకాల్లో క్రమం ఎప్పుడూ ఒకటే. ఆకులు ఎర్రబడతాయి, రాలతాయి, ఆ తర్వాత మంచు. మావాడు ఒక అక్టోబర్లో వీడియో కాల్‌లో "తాతయ్యా, మీ దగ్గర ఆకులు రాలిపోయాయా?" అని అడిగాడు. "ఇప్పుడెక్కడరా, వానలకి చెట్లన్నీ పచ్చగా కళకళలాడుతుంటే! శిశిరం రానీ" అన్నారు మా నాన్న. శిశిరం అయిపోగానే వసంతం అని వాడికి తెలుసు. మరి ఆకులు రాలాక రావాల్సిన చలికాలం ఏదీ?

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నేనూ చదవాల్సి వచ్చింది. ఉత్తర దేశాల్లో కాలం మారేది వెలుతురు లెక్కన. స్టాక్‌హోమ్‌లో డిసెంబరు చివర పగలు సుమారు 6 గంటలు, జూన్‌లో 18 గంటలు దాటుతుంది. పగళ్లు కురచవుతుంటే చెట్టు ఆకుల్లో పచ్చదనాన్ని తయారుచేయడం మానేస్తుంది. అప్పటిదాకా ఆ పచ్చ రంగు వెనక దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం కొన్ని జాతుల చెట్లు అప్పటికప్పుడు కొత్తగా చేసుకునే రంగు. హైదరాబాదులో అయితే అతి చిన్న పగలు సుమారు 11 గంటలు, అతి పెద్దది 13. అంత తేడాకి చెట్టు పెద్దగా చలించదు. మన అడవుల్లో లెక్క నీటిది. వానలు వెళ్లిపోయి నెలలు గడిచి, నేల ఎండిపోతుంటే ఉన్న తేమని కాపాడుకోవడానికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకులు రాలుస్తాయి. ఒక్క ఆకు లేని మోదుగ చెట్టు సరిగ్గా ఆ సమయంలోనే నిప్పు అంటుకున్నట్టు పూస్తుంది. ఇక్కడ చెట్టు చీకటికి జడిసి ఆకు రాలుస్తుంది, అక్కడ దాహానికి. ఇది చెప్పాక మావాడు రెండు కాగితాల మీద రెండు చెట్లు గీశాడు. ఒకదాని కింద మంచు, ఒకదాని మీద ఎర్ర పూలు. నాలుగు ఋతువులు సరైనవా, ఆరు ఋతువులు సరైనవా అన్న గొడవ మా ఇంట్లో ఆ రోజుతో తీరిపోయింది.

వర్జీనియా లీ బర్టన్ 1942లో వేసిన 'ది లిటిల్ హౌస్' ఇంకో రకం. గుట్ట మీద చిన్న ఇల్లు, కాలానికొక బొమ్మ. తర్వాత రోడ్డు వస్తుంది, మేడలు, రైళ్లు వస్తాయి, ఇల్లు వాటి మధ్య ఇరుక్కుపోతుంది. ఏది వసంతమో ఏది శరత్తో దానికి తెలియదు. చివరికి ఆ ఇంటిని కట్టినాయన మునిమనవళ్ల తర్వాతి తరం ఆవిడ గుర్తుపట్టి, చక్రాల మీదికెక్కించి దూరంగా ఇంకో గుట్ట మీదికి తీసుకెళ్తుంది. ఇల్లు మారడం, బడి మారడం అలవాటైన పిల్లలు ఆ ప్రయాణం పేజీ దగ్గర చాలాసేపు ఆగుతారు. కొత్త గుట్ట మీద కూడా ఆపిల్ చెట్లున్నాయా లేదా అని చూసుకుంటారు. ఉన్నాయి.

'ఔల్ మూన్' విషయంలో మా అమ్మకి అభ్యంతరం వచ్చింది. జేన్ యోలెన్ రాసి, జాన్ షోన్‌హెర్ బొమ్మలు వేసిన 1987 నాటి పుస్తకమది. చలికాలపు రాత్రి తండ్రీ కూతురూ మంచులో నడుచుకుంటూ గుడ్లగూబని చూడ్డానికి వెళ్తారు. "అర్ధరాత్రి గుడ్లగూబని వెతుక్కుంటూ పోవడమేంటే, అపశకునం!" అంది అమ్మ ఫోన్లో. "కాదమ్మమ్మా, మాట్లాడకుండా నడిస్తే అదే వస్తుంది" అని మా అమ్మాయి కథంతా చెప్పింది. ఆ తర్వాత అమ్మ కూడా తన చిన్నప్పుడు చింతచెట్టు తొర్రలో ఉండే గూబ గురించి, అది పొలంలో ఎలుకల్ని పట్టుకోవడం గురించి చెప్పింది. నాకే ఎప్పుడూ చెప్పని కథ అది.

నా తరం వాళ్లకి ఇంకో సంగతి గుర్తుండాలి. మంచు చూడని ఊళ్లలో పెరిగిన మనకి మంచుని మొదట పరిచయం చేసింది తెలుగు పుస్తకాలే. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చేసి పంపిన పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో దొరికేవి. బిర్చి చెట్లు, ఎలుగుబంట్లు, గడ్డకట్టిన నదులు, అన్నీ తెలుగు అక్షరాల పక్కనే. నడివేసవి సెలవుల్లో నేల మీద బోర్లా పడుకుని ఆ మంచు బొమ్మలు చూసిన పిల్లలం మనం. కళ్లముందు లేని ఋతువుని ప్రేమించడం సాధ్యమేనని నాకు అక్కడే తెలిసింది. అందుకే, వానాకాలం గురించి చెబితే ఇక్కడి పిల్లలకేం అర్థమవుతుంది అని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఇక మాటల్లేని పుస్తకాలు. తెలుగు ఇళ్లకి వీటికన్నా మంచి కానుక లేదు. గెర్డా ముల్లర్ కాలానికొకటి చొప్పున వేసిన చిన్న అట్టల పుస్తకాల్లో అక్షరం ఉండదు. పిల్లలు వానలో గొడుగు పట్టుకుని నడుస్తారు, ఆకులు పోగేస్తారు, పక్షులకి గింజలు వేస్తారు. రేమండ్ బ్రిగ్స్ 1978లో వేసిన 'ది స్నోమ్యాన్' కూడా అంతే. అక్షరాలు లేవు కాబట్టి అది ఏ భాష పుస్తకమూ కాదు, మనం నోరు విప్పితే తెలుగు పుస్తకమే. ఇంగ్లీషు చదవడం రాని అమ్మమ్మ కూడా చదివి వినిపించగలదు. ఒక్క మాట చెప్పాలి. పేజీ తిప్పగానే "ఇదేంటి? దీన్ని తెలుగులో ఏమంటారు?" అని పరీక్ష పెట్టకండి. పుస్తకం మూసి పారిపోతారు. "వీడు ఎక్కడికి వెళ్తున్నాడంటావ్?" అని అడిగితే, వాళ్లే పది వాక్యాలు చెబుతారు. మధ్యలో ఇంగ్లీషు మాట దొర్లితే దొర్లనివ్వండి, వాక్యం తెలుగుదైతే చాలు.

మన వైపు ప్రకృతి పుస్తకాల్లో 'ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' నాకు ప్రాణం. చెన్నైకి చెందిన తారా బుక్స్ 2006లో తెచ్చింది. గోండు చిత్రకారులు భజ్జు శ్యాం, దుర్గాబాయి, రాంసింగ్ ఊర్వేతి గీసిన చెట్లు, నల్ల కాగితం మీద చేత్తో స్క్రీన్ ప్రింట్ చేసినవి. పేజీ మీద వేలు పెడితే రంగు తగులుతుంది. తూలిక అనే ప్రచురణ సంస్థ వాళ్ల రెండు భాషల పుస్తకాలున్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని ట్యాబ్‌లో చూపించే బదులు ప్రింట్ తీసి కుట్టి ఇస్తాను, పిల్లలు పదేపదే తిప్పేది చేతికి అందేదాన్నే.

కానీ నేను వెతుకుతున్నది ఇంకొకటుంది, కార్తెల పుస్తకం. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి దాదాపు రెండు వారాలు. బెస్కోవ్ లాంటి చెయ్యి పడితే ఎంత పుస్తకమవుతుంది! రోళ్లు పగిలే రోహిణి ఎండకి ఒక పేజీ. జూన్ మొదటి వారం దాటాక వచ్చే మృగశిరకి ఒక పేజీ, ఆకాశం సగం నలుపు, సగం ఇంకా ఎండ. ఆ తర్వాత ఆరుద్ర. తడిసిన ఎర్రమట్టిలోంచి బయటికొచ్చే మఖమల్ పురుగులు, పేరుకి పురుగే గానీ ఎనిమిది కాళ్లుంటాయి, సాలెపురుగుకి చుట్టం. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని ఊరుకుంటుంది. దాన్ని ఒక పిల్ల అరచేతిలో, ఉన్నంత సైజులోనే గీయాలి. తెలుగులో బొమ్మలు వేసేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మొదలుపెట్టండి. అక్షరాలు లేకపోయినా పర్వాలేదు, మాటలు మేం చెప్పుకుంటాం.