పావు మాత్ర

మా బుజ్జి పొమేరియన్ కుక్క. వయసు పదకొండేళ్లు, బరువు ఆరు కిలోలు. రాత్రిళ్లు దగ్గుతుంటే గొంతులో ఏదో ఇరుక్కుందనుకున్నాం. ఎక్స్‌రే, ఎకో (గుండె స్కానింగ్) తీశాక తెలిసింది, గుండెలో ఎడమవైపు గదుల మధ్య తలుపులా ఉండే మైట్రల్ కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని, గుండె పెరిగిందని. చిన్న జాతి కుక్కలకు వయసు మీద పడ్డాక ఎక్కువగా వచ్చే గుండె జబ్బు ఇదే.

ఆ రిపోర్టు చూసిన డాక్టర్, "ముసలిదైపోయింది కదమ్మా, దీనికి మందులెందుకు?" అన్నారు. అమ్మ అక్కడే ఏడ్చేసింది. నాకు తర్వాత తెలిసింది, గుండె పెరిగినా ఇంకా హార్ట్ ఫెయిల్యూర్ (గుండె సరిగ్గా పనిచేయలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరే దశ) రాని కుక్కల్లో పిమోబెండాన్ అనే గుండె మందు ఆ దశను సుమారు 15 నెలలు వెనక్కి నెట్టిందని 2016లోనే ఎపిక్ అనే అధ్యయనం వచ్చిందట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

తర్వాత ఆ రాత్రి వచ్చింది. వాన, కరెంటు లేదు. బుజ్జి పడుకోలేకపోతోంది. ముందు కాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి, పొట్ట ఎగరేస్తూ ఊపిరి పీలుస్తోంది. టార్చి వేసి చూస్తే చిగుళ్లు నీలంగా ఉన్నాయి. విశాఖ ఎం.వి.పి. కాలనీ రోడ్డు మీద ఆటోవాళ్లు కుక్కను చూసి ఆగకుండా వెళ్లిపోయారు. చివరికి ఒకాయన, "ఎక్కండమ్మా, ప్రాణమే కదా" అని ఆపాడు. ఆయన పేరు కూడా అడగలేదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆక్సిజన్, ఇంజెక్షన్. అమ్మ సంపత్ వినాయకుడికి మొక్కుకుంది. తెల్లారేసరికి నాలుక మళ్లీ గులాబీ రంగుకొచ్చింది.

ఆ రాత్రి చూసిన డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. పిమోబెండాన్ ఖాళీ కడుపున, అన్నానికి గంట ముందు, పన్నెండు గంటలకోసారి. నీరు తీసే ఫ్యూరోసెమైడ్ బుజ్జి బరువుకి 40 ఎంజీ మాత్రలో పావు. మందుల షాపులో మాత్రం "మనుషుల మందేనండీ, ఒకటి వేసేయండి" అన్నాడు! ఆరు కిలోల ప్రాణికి మనిషి మోతాదా? మాత్రలు విరిచే కట్టర్ కొనుక్కోండి, చాకుతో పావులు సమంగా రావు.

మాత్ర నాలుక వెనక్కి పెట్టి, నోరు మూసి, గొంతు నిమిరితే మింగేస్తుంది. ఎండుచేపలో, అప్పడంలో పెట్టకండి, ఆ ఉప్పే మళ్లీ నీరు పట్టిస్తుంది. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు వేయకూడదు. కక్కేస్తే డాక్టర్ని అడక్కుండా మళ్లీ ఇవ్వకండి. కాస్త బాగుందని మీరే ఆపేయకండి. తాగే నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, ఉచ్చ ఎక్కువైందని తీసేయొద్దు. రుచిగా ఉండే నమిలే మాత్రలైతే డబ్బాను కుక్కలకు అందనంత ఎత్తులో పెట్టండి, దొరికితే మొత్తం తినేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. 30 దాటుతూ ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

జబ్బు పోలేదు, పోదు కూడా. కానీ దగ్గు తగ్గింది, సాయంత్రం బీచ్ రోడ్డులో కాస్త నడుస్తోంది. మందుల వల్ల కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడటానికి మళ్లీ రక్తపరీక్ష చేయించాలి, దానికి అమ్మే తీసుకెళ్తానంది.