హొకుసాయ్ కెరటం: నా నీటిరంగుల సాధన ఎంతవరకు వచ్చిందంటే

నీటిరంగులు నేర్చుకోవడానికి జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ ‘కనగావా పెద్ద కెరటం’ తీసుకున్నాను. 1831 ప్రాంతంలో, డెబ్బై ఏళ్ల వయసులో ఆయన చేసిన బొమ్మ. ఇది కుంచెతో వేసింది కాదు, చెక్క అచ్చులతో కాగితం మీద ముద్రించింది. మన పెడన కలంకారీలో గీతకి ఒక అచ్చు, ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు ఉన్నట్టే ఇక్కడా ఉంటాయి. అందుకే రంగులు తక్కువ, హద్దులు స్పష్టం. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి గురువు దొరకదని నా నమ్మకం.

అసలు ముద్ర సుమారు 26 × 38 సెంటీమీటర్లు. 300 జీఎస్ఎం (మందపాటి) కాగితం మీద అదే కొలత తీసుకుని, అంచులకి మాస్కింగ్ టేప్ వేసి, 2 సెంటీమీటర్ల గళ్లు గీశాను. అడ్డంగా 19, నిలువుగా 13 సరిగ్గా సరిపోతాయి.

స్కెచ్‌లో నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. కెరటాన్ని చూసి కెరటం గీయకుండా, దాని కింద మిగిలిన ఆకాశం ఆకారాన్ని ముందు గీయాలి. ఆ ఖాళీ కుదిరితే కెరటం వంపు దానంతటదే కుదురుతుంది. ఆ ఖాళీ అడుగునే చిన్న ఫ్యూజీ పర్వతం. దాన్ని ముందే గుర్తు పెట్టుకుంటే మిగతావన్నీ దాని నుంచి కొలుచుకోవచ్చు.

ఇక నీలం. ఈ బొమ్మ ప్రాణమంతా ప్రష్యన్ బ్లూలోనే ఉంది. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రంగు, జపాన్‌లో దీన్ని ‘బెరో ఆయ్’ అన్నారు. నల్లగా కనిపించే గీతలు కూడా నిజానికి ముదురు నీలమే. అందుకే నల్లరంగు ట్యూబు అసలు తెరవలేదు. ఒకే ట్యూబు నుంచి పల్చన, మధ్యరకం, చిక్కన అని మూడు గుంటల్లో కలిపి పెట్టుకున్నాను. ఆరాక ఈ రంగు బాగా వెలిసినట్టు అవుతుంది కాబట్టి, ప్రతి మిశ్రమాన్నీ అదే కాగితం ముక్క మీద వేసి, పూర్తిగా ఆరాకే చూసుకోవాలి.

మొదట ఆకాశం. కాగితం తడిపి, ఫ్యూజీ వెనక ముదురు బూడిదరంగు పెట్టి, పైకి పోనుపోను పల్చన చేశాను. ఆ ముదురు లేకపోతే మంచు శిఖరం తెల్లగా కనబడదు. ముద్రించేవాళ్లు అచ్చు మీదే రంగును తుడిచి ఇలా పల్చబరిచేవాళ్లు, దాన్ని ‘బొకాషి’ అంటారు. తర్వాత లేత నీలం, అది ఆరాక ముదురు చారలు. 6వ నంబరు రౌండ్ బ్రష్ పెద్ద భాగాలకి, 0 నంబరు గీతలకి.

నురగ దగ్గర ఓపిక కావాలి. గోళ్లలాంటి ఒక్కో కొసకీ విడిగా అంచు ఉంది, లోపల కాగితం తెలుపు వదిలెయ్యాలి. నా చేయి నిజంగా తిరిగింది ఇక్కడే.

మూడు పడవల్లో రెండు అయ్యాయి. షికారు పడవలు కావవి, ‘ఎదో’ (ఇప్పటి టోక్యో) నగరానికి తాజా చేపలు చేరవేసే వేగమైన పడవలు. చెక్కకి పల్చటి ఎల్లో ఓకర్ చాలు. వంగి పట్టుకున్న మనుషుల బట్టలకి మళ్లీ అదే నీలం.

మూడో పడవ, తెల్ల గ్వాష్‌తో (కింది రంగును కప్పేసే చిక్కటి నీటిరంగుతో) గాల్లో తుంపరలు మిగిలాయి. అవయ్యాక హొకుసాయ్ ఇదే వరసలో చేసిన ‘ఎర్ర ఫ్యూజీ’ బొమ్మ మొదలుపెడతాను. అందులో కొండ నిండా బొకాషీయే కాబట్టి, ముందు చిన్న కాగితాల మీద ఎరుపును పల్చబరచడం సాధన చేయాలి.