38 పనసపండ్లు, ఇంట్లో ఇద్దరు మనుషులు

ఎవరైనా మా పెరట్లో పనసచెట్టు ఉందండీ అని గొప్పగా చెప్తే నాకు ముందు జాలేస్తుంది. అదీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అయితే మరీను.

మా ఊరు కంచిలికి దగ్గర. ఈ ఏడు మా చెట్టు 38 కాయలు కాసింది. అన్నిటికంటే చిన్నది ఐదు కిలోలుంటుంది, పెద్దదాన్ని వీధి చివర కొట్టువాళ్ల కాటా మీద పెడితే 17 దగ్గర ఆగింది. ఇంట్లో అమ్మ, నాన్న ఇద్దరే, నాన్నకి షుగర్. నేను విశాఖలో ఉంటాను. జూన్ మొదటి వారంలో అమ్మ ఫోన్ చేసి "నువ్వొచ్చి తింటావా, నన్ను చెట్టు కొట్టించెయ్యమంటావా" అంది. సెలవు పెట్టి వెళ్లాను.

పంచిపెట్టొచ్చు కదా అంటారు. మిగతా చోట్ల అదే చేస్తారేమో గానీ, మా ఊళ్లో కొబ్బరి, జీడి, పనస లేని పెరడు వెతకాలి. అందరి చెట్లూ ఒకేసారి పండుతాయి. ఓ పండు భుజాన వేసుకుని పిన్ని వాళ్లింటికి వెళ్లాను. గుమ్మం దాటకముందే "ఏటి బాబూ, మళ్లీ పండే? మా ఇంట్లో నాలుగు కుళ్లిపోతన్నాయి, వెళ్లినప్పుడు ఓటి పట్టుకెళ్లిపో" అంది. ఒకటి మోసుకెళ్లి రెండు మోసుకొచ్చాను. మొహమాటానికి కూడా ఓ హద్దుండాలి.

అమ్మొచ్చు కదా అంటారు. షావుకార్లు వస్తారు, మా వైపు పనస లారీల్లో ఒడిశాకి, బెంగాల్‌కి వెళ్తుంది. కానీ దూరం వెళ్లాలి కాబట్టి వాళ్లకి కావల్సింది గట్టి కాయ, అదీ తోట మొత్తం బేరం. వాసన మొదలైన పెరటి పండు వైపు వాళ్లు కన్నెత్తి చూడరు.

పోనీ చెట్టు కిందే వదిలేద్దామంటే ఎలుగుబంటి. నవ్వకండి. జీడిమామిడి పండ్లు, పనసపండ్లు పండే రోజుల్లో అవి తోటల్లోకి వస్తాయి, ఒక్కోసారి ఊళ్లోకే వచ్చేస్తాయి. మందస, వజ్రపుకొత్తూరు వైపు తెల్లారకుండా తోటకెళ్లాలంటే చేతిలో కర్ర, టార్చి, పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. అంచేత మా ఇంట్లో రూలు ఒకటే, పండిన వాసన వచ్చిందంటే ఆ సాయంత్రంలోగా పండు లోపలికి రావాలి.

లోపలికొచ్చాక అసలు పని. కొయ్యడం చేతకానివాళ్లు చేస్తే ఇల్లంతా బంక. నేల మీద గోనెపట్టా, దాని మీద పాత పేపర్లు, చేతులకి మోచేతుల దాకా కొబ్బరినూనె, కత్తికి కూడా. పండుని అడ్డంగా కాకుండా నిలువుగా చీల్చి, మధ్యలో ఉన్న తెల్లటి దిండుని రెండు వైపులా కోసి తీసేస్తే తొనలు వాటంతటవే విడివడతాయి. కోసిన చోట తెల్లగా పాలు ఊరతాయి, వాటిని వెంటనే కొబ్బరిపీచుతో తుడిచెయ్యాలి, ఆరితే గోళ్ల సందుల్లోంచి రావు. మొదటి రోజు నూనె రాసుకోకుండా వీరుడిలా దిగాను. రెండు వేళ్లు అతుక్కుపోయాయి, ఫోన్ మోగుతుంటే ఎత్తడం కుదర్లేదు. అమ్మ నవ్వుతూనే కిరసనాయిలు కోసం వెతికింది, ఇప్పుడు కిరసనాయిలు ఎవరింట్లో ఉంటుంది? చివరికి ఆ కొబ్బరినూనే దిక్కయింది.

ఒక పండులో గిన్నెలు గిన్నెలు తొనలొస్తాయి. మొదటి పూట ముగ్గురం పోటీ పడి తిన్నాం, మూడో పూటకి ఒకరినొకరం చూసుకున్నాం. అప్పట్నించి ప్రయోగాలు. అమ్మ చేసే బూరెలు మాత్రం ప్రయోగం కాదు, అవి ఖాయం: మెత్తటి తొనల గుజ్జు, బియ్యప్పిండి, కాస్త బెల్లం, తురిమిన కొబ్బరి, ఓ యాలకుల గింజ, కలిపి నూనెలో వేస్తే పైన కరకర, లోపల జారిపోయేంత మెత్తన. పిండి గట్టిగా కలిపితే రాళ్లవుతాయి, పలచగా కలిపితే నూనె తాగేస్తాయి, ఎంత అనేది ఆమె చేతికే తెలుసు, నేను అడిగితే "చాలినంత" అంటుంది.

నా వంతుగా తాండ్ర వేద్దామనుకున్నాను. మా జిల్లా పక్కనే విజయనగరం వైపు భీమాలిలో మామిడి తాండ్ర పెట్టి అమ్ముకుంటారు, మనం పనసతో పెట్టలేమా అని. గుజ్జు మిక్సీ వేసి, బెల్లం వేసి ఉడికించి, నెయ్యి రాసిన పళ్లేల్లో పోసి డాబా మీద పెట్టాను. మొదటి రోజు బ్రహ్మాండంగా ఎండింది. రెండో రోజు మధ్యాహ్నం మేమంతా నిద్రలో ఉండగా గాలి, వెంటనే వాన. నేను పైకి పరిగెత్తేసరికి తాండ్ర పాయసమైంది. మృగశిర వచ్చాక తాండ్రేటిరా అన్నాడు నాన్న. రోహిణి కార్తెలో ఎండ ఉంది గానీ అప్పటికి పండు లేదు కదా నాన్నా!

ఫ్రీజర్‌లో గింజలు తీసిన తొనలు డబ్బాల్లో పెట్టడం బాగానే పనిచేసింది, జ్యూస్‌కి, పాయసానికి పనికొస్తాయి. కాకపోతే ఆ వారం ఒక రాత్రంతా కరెంటు లేదు, రెండు డబ్బాలు పోయాయి. తొక్కలు, పీచు ఆవుకి. అదీ కొద్దికొద్దిగానే, ఎక్కువ పెడితే పొట్ట ఉబ్బుతుందని అమ్మ గంప పక్కనే కాపలా.

అసలు లాభమంతా పిక్కల్లో ఉంది. మా వైపు గింజని పిక్కే అంటాం, జీడిపిక్కలన్నట్టే పనసపిక్కలు. పైన జారుడు పొర పోయేలా కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, ఇసకలో కప్పెట్టి ఉంచితే వారాల తరబడి ఉంటాయి. ఉప్పేసి ఉడికించుకోవచ్చు, నిప్పుల మీద కాల్చుకోవచ్చు (ముందు చిన్న గాటు పెట్టండి, లేకపోతే టప్పున పేలుతాయి), వంకాయతో వండొచ్చు, పప్పులో వెయ్యొచ్చు. మా ఇంట్లో మాత్రం ఎండురొయ్యలతో. పిక్కల్ని ముందే సగం ఉడికించి, తెల్లటి పెంకు ఒలిచి, రొయ్యల్ని పొడిమూకుడులో వేయించి, ఉల్లిపాయ, చింతపండు పులుసు. ఆ కూరుంటే నాన్న షుగర్ మాట మర్చిపోయి రెండోసారి అన్నం పెట్టించుకుంటాడు.

ఇదంతా చెప్పాక అసలు సంగతి. పండాక ఈ పాట్లు పడటమే తెలివితక్కువ. పనసని తగ్గించుకోవాల్సింది జూన్‌లో కాదు, మాఘం, ఫాల్గుణంలో. కాయ కిలో ఉన్నప్పుడు కోస్తే ఒక పూట కూర, పది కిలోలయ్యాక కోస్తే వారం రోజుల తలనొప్పి. లేత కాయ చెక్కు తీసి, ఎడం చేత్తో పట్టుకుని కత్తితో టకటకా గాట్లు పెడుతూ, తిప్పుతూ, సన్నగా చెక్కితే పొట్టు. పసుపు, చింతపండు వేసి ఉడికించి, వార్చి, నీళ్లు పిండేసి, ఇంగువ పోపు వేసి, దించి చల్లారాక ఆవ కలపాలి, పొయ్యి మీద ఉండగా కలిపితే చేదొస్తుంది. కొంచెం ముదిరాక ముక్కలు కోసి బిర్యానీ చేసుకోవచ్చు, మా వైపు పెళ్లిళ్లలో మాంసం తినని బంతిలో అదే హీరో.

ఇది అమ్మకి తెలియదా? తెలుసు. ప్రతి ఫాల్గుణంలోనూ కత్తి పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్తుంది, నాన్న కొయ్యనివ్వడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. అంతకు ముందు మాకు ఐదు పనసచెట్లు, తాతగారు వేసినవి. ఉదయం తలుపు తీసేసరికి నాలుగు వేళ్లతో సహా పడున్నాయి, కొబ్బరిచెట్లు తలల్లేకుండా నిలబడ్డాయి. ఐదోది కొమ్మలు పోయి మొద్దులా మిగిలింది. మరుసటేడు దానికి ఒక్క కాయ కూడా లేదు. ఆ తర్వాతేడు మాను మీద మూడు పిందెలు కనిపిస్తే నాన్న రోజూ పొద్దున్నే లెక్కపెట్టేవాడు. రెండు రాలిపోయాయి. మూడోది పండాక ఊళ్లో ఇంటింటికీ ఐదేసి తొనలు పంచాడు, ఆ ఏడు ఎవరూ వద్దనలేదు.

అప్పట్నించి పిందె మీద చెయ్యి వెయ్యనివ్వడు. నేనూ ఈసారి గట్టిగానే వాదించాను, పదో పన్నెండో కోస్తే మిగిలినవి బాగా ఊరతాయి నాన్నా అని. విన్నాడు, ఊఁ అన్నాడు, అమ్మ వైపు చూసి "వచ్చే ఏడు ఓ అయిదు కోసుకో" అన్నాడు. అయిదు! 38లో.

వచ్చేసే రోజు పాత పాల ప్యాకెట్లు వరసగా అరుగు మీద పెట్టి ఉన్నాయి, లోపల మట్టి. పిక్కని ఆరనిస్తే మొలవదని, తీసిన రోజే నాన్న పెట్టాడట. ఆరు ప్యాకెట్లలో మొలకలొచ్చాయి. ఇంకా చెట్లేటి అని అమ్మ నెత్తి కొట్టుకుంది. కాపుకొచ్చేసరికి ఏడెనిమిదేళ్లు పడుతుందిలే అన్నాడు, అప్పటికి తినడానికి మనుషులు దొరుకుతారన్నట్టు. నా సంచిలో రెండు పండ్లు పెట్టారు. పలాస దాటేసరికి బోగీ అంతా వాసన, ఎదురు సీట్లో పెద్దాయన కాసేపు ఓర్చుకుని "కొయ్యండి మరి" అన్నాడు. కత్తి లేదు. నూనె సీసా మాత్రం ఉంది, అమ్మ పెట్టింది.