విన్నదే రాయాలి

సైన్యంలో నేను చేసిన ఉద్యోగం వినడం. సైన్యానికి రేడియో, ఫోన్ సంబంధాలు చూసే సిగ్నల్స్ కోర్‌లో సిగ్నల్‌మన్‌గా చేరాను, సుబేదార్‌గా రిటైరయ్యాను. మధ్యలో సర్వీసు చాలావరకు ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ యూనిట్లలోనే గడిచింది. మన ఊరు బిట్రగుంటలో ఇప్పటికీ ఎవరు ఎదురైనా "మిలిట్రీలో తుపాకీ కాల్చినావా అబ్బయ్యా?" అని అడుగుతారు. కాల్చాను. ఫైరింగ్ ప్రాక్టీసు ప్రతి జవానుకీ తప్పదు. కానీ నా చేతిలో ఎక్కువసేపు ఉన్నవి పెన్సిలు, లాగ్‌బుక్కు. మన బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమావేశానికి తెస్తున్న బడి సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆ పని గురించే రాయాలనిపించింది. దానికి పునాది పడింది ఇక్కడే కాబట్టి. బయటపెట్టకూడని సంగతుల జోలికి పోను.

ఆ పని ఏమిటో ముందు చెప్పేస్తాను. అవతలివాడు రేడియోలో మాట్లాడితే వినాలి. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నాడో కనిపెట్టాలి. ఆర్డరు వస్తే వాడి మాట అవతలికి చేరకుండా అడ్డుకోవాలి. మన మాట వాడికి చిక్కకుండా చూసుకోవాలి. ఇది కంప్యూటర్లతో మొదలైన విద్య కాదు. 1904లో పోర్ట్ ఆర్థర్ దగ్గర జపాను నౌకల వైర్‌లెస్‌ను రష్యన్లు అడ్డుకున్నారు. మనకు దగ్గరి కథ ఎమ్‌డెన్‌ది. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ నౌక అది. అదే ఏడాది నవంబరులో కోకోస్ దీవుల్లోని వైర్‌లెస్ స్టేషను 'గుర్తుతెలియని ఓడ వచ్చింది' అని కబురు పంపుతుంటే, ఎమ్‌డెన్ తన వైర్‌లెస్ సెట్టుతో అడ్డుపడింది. అయినా కబురు చేరింది. ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ వచ్చి దాని పని పట్టింది. ట్రైనింగులో ఈ కథ చెప్పుకుంటున్నప్పుడు, ఒక్క సందేశం అడ్డు దాటి వెళ్లడం, దాటలేకపోవడం మధ్య ఎంత తేడా ఉందో నాకు ఒళ్లు జలదరించేలా తెలిసింది.

రోజు మామూలుగానే మొదలవుతుంది. తెల్లవారుజామున లేవడం, పీటీ, గడ్డం, ఫాలిన్ అంటే వరుసలో నిలబడటం. ఆ తర్వాత డ్యూటీ వంతులుగా ఉంటుంది. వంతు మారేటప్పుడు దిగిపోయేవాడు ఎక్కేవాడికి లాగ్‌బుక్కు చూపించి, ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరు పలికారు, ఎవరు పలకలేదు అన్నీ అప్పగించి గానీ లేవడు. టైము, ఫ్రీక్వెన్సీ, కాల్ సైన్ (రేడియోలో ఆ స్టేషను వాడే పేరు), దిక్కు, సిగ్నల్ బలం అన్నీ రాసి ఉండాలి. సందేశం కోడ్‌లో ఉండి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఎవరు ఎప్పుడు ఎంతసేపు మాట్లాడారన్నది ఎంతో చెబుతుంది. రోజూ ఒకే వేళకు పలకరించే సెట్టు ఒకరోజు మౌనంగా ఉంటే అదీ వార్తే. సెకనుకు ఎన్నోసార్లు ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ పోయే సెట్లు వచ్చాక ఒక్క చెవితో పని జరగదు. స్క్రీను, కంప్యూటరు తోడు కావాలి. అయినా గరగరల అడుగున సన్నగా పలుకుతున్నది మనిషి గొంతా, ఉత్త రొదా అన్నది చెవి పట్టినంత త్వరగా నా అనుభవంలో యంత్రం పట్టలేదు.

ఇక్కడ మన తెలుగు అయ్యవారిని తలుచుకోవాలి. వారం వారం ఉక్తలేఖనం పెట్టేవారు గుర్తుందా? వాక్యం ఒక్కసారే చదివేవారు. వినపడని మాట దగ్గర ఖాళీ వదిలితే ఏమీ అనేవారు కాదు. వినకుండా అందాజుగా రాసినవాడికి మాత్రం బెత్తం తప్పేది కాదు. "నువ్వు విన్నదే రాయరా, అనుకున్నది రాయబాక" అనేవారు. నేను పనిచేసిన ఆపరేటర్ గదుల్లో నడిచిన సూత్రం అక్షరాలా ఇదే. సగం విని మిగతా సగం ఊహించి రాస్తే, ఆ కాగితం పైకి వెళ్లి దాన్ని నమ్మి ఒక ఆఫీసరు మనుషుల్ని ముందుకు పంపిస్తాడు. ఖాళీ వదిలితే ఎవరికీ ప్రాణహాని లేదు. నా దగ్గరకు కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు నేను చెప్పిన మొదటి మాట అయ్యవారిదే, హిందీలో చెప్పేవాణ్ణి, అంతే.

లెక్కల సారుకీ నేను అంతే రుణపడ్డాను. సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తుందో ఒక స్టేషను చెబితే మ్యాపు మీద ఒక గీత వస్తుంది. దూరంగా ఉన్న రెండో స్టేషను ఇంకో గీత ఇస్తుంది. రెండూ కలిసిన చోట సెట్టు ఉన్నట్టు. పదో తరగతి త్రికోణమితే ఇది. కోణంలో రెండు డిగ్రీలు తేడా పడితే 30 కిలోమీటర్ల దూరంలో గుర్తు కిలోమీటరు పక్కకు పోతుంది. కొండ ప్రాంతాల్లో కిలోమీటరంటే ఒక్కోసారి మరో లోయ! అందుకే మూడో గీత కోసం ఎదురుచూస్తాం. ఏరియల్ పొడవుకూ బడి లెక్కే చాలు. 300ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. సిలోన్ పాటలు ఒకసారి గట్టిగా, ఒకసారి సన్నగా ఎందుకు వస్తాయని అడిగితే, సైన్సు సారు పై వాతావరణంలోని అయాన్ల పొర గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. రాత్రిపూట దూరపు స్టేషన్లు బాగా వినపడే కారణం నేను జబల్‌పూర్‌ సిగ్నల్స్ ట్రైనింగులో కొత్తగా నేర్చుకోవాల్సిన పని పడలేదు.

జామింగ్, అంటే అవతలివాడి రేడియో మాటకు అడ్డుపడటం, జనానికి సినిమాలో చూపించినట్టు బటన్ నొక్కడం అనిపిస్తుంది. బటన్ ఉంటుంది, కానీ ముట్టుకోవడానికి పైనుంచి ఆర్డరు కావాలి. మన దళాలు వాడే ఫ్రీక్వెన్సీల మీద పడితే మనవాళ్ల నోరే మనం నొక్కినట్టు అవుతుంది. పైగా జామర్ మోగిందంటే మనం ఎక్కడున్నామో అవతలివాడికి తెలిసిపోతుంది. కాబట్టి క్లుప్తంగా ముగించి, ఏరియల్ నిలబెట్టే మాస్టులు దించి, బండ్లెక్కి జాగా మారాలి. మా కష్టమంతా ఆ మాస్టులతోనే. చీకట్లో మేకులు కొట్టడం, తాళ్లు బిగించడం, ఎర్తింగ్ రాడ్డు దిగని నేలలో నీళ్లు పోసి దింపడం. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత సైన్యం సరిహద్దుకు కదిలినప్పుడు మేము రాజస్థాన్ వైపు వెళ్లాం. మరుసటి వేసవిలో మా సెట్లుండే ఇనుప షెల్టర్లలో చల్లదనం ఉండేది పరికరాల కోసం. బయట జనరేటరు దగ్గర ఉన్న కుర్రాడికి ఆ భాగ్యం లేదు. వాళ్ల ఓర్పును ఏ మెడల్ జాబితాలోనూ చూడలేదు నేను, ఇక్కడైనా రాయాలనిపించింది.

ఇంట్లో వాళ్లకు ఏమీ చెప్పలేకపోవడం ఇంకో బరువు. "ఏం పని నాయనా?" అంటే మా అమ్మకు "రేడియో పని" అనేవాణ్ణి. ఆమెకు అది చాలు. మా వీధి వాళ్లు రైల్వే మనుషులు కాబట్టి, స్టేషన్‌లో టెలిగ్రాఫ్ కటకటలు విని పెరిగినవాళ్లు కాబట్టి, వాళ్లకూ అర్థమైంది.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మన బ్యాచ్‌లో ఎవరూ మరిచిపోలేదు. స్తంభాలు పడిపోయి, తీగలు తెగి, పక్క ఊరి సంగతి కూడా తెలియని ఆ రోజులు చూశాకే తీగ లేకుండా వెళ్లే మాట మీద నాకు గురి కుదిరింది. ఈ తీరానికి తుఫాన్లు మళ్లీ వస్తాయి. అందుకే ఒక ప్రతిపాదన. మన బడిలో హ్యామ్ రేడియో, అంటే లైసెన్సుతో సరదాగా రేడియోలో మాట్లాడుకునే వాళ్ల క్లబ్ పెడదాం. మన దేశంలో 12 ఏళ్లు నిండిన పిల్లలు పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. 7 మెగాహెర్ట్జ్ మీద వినడానికి 21 మీటర్ల పైచిలుకు రాగి తీగ, రెండు ఎత్తైన ఆధారాలు, మంచి రిసీవర్ ఉంటే ఈ రోజే మొదలుపెట్టవచ్చు. రిసీవర్ నేను కొని ఇస్తాను. తీగ కట్టడానికి బడి ఆవరణలో చెట్లున్నాయి. శనివారాలు నేనే వచ్చి పిల్లలకు నేర్పుతాను. హెడ్‌మాస్టర్ గారి అనుమతి కోసం ఉత్తరం ఇచ్చాను. మన బ్యాచ్‌లో రైల్వే సిగ్నల్, బీఎస్ఎన్ఎల్ పనులు చేసి రిటైరైనవాళ్లు ఎవరైనా తోడొస్తే, ఈ సమావేశం రోజునే నన్ను కలవండి.