ఏడు డిగ్రీల పొద్దున

ఆదిలాబాద్, డిసెంబర్, శనివారం

అలారం మోగకముందే మెలకువ వచ్చింది. నాలుగున్నర. ఫోన్‌లో 7 డిగ్రీలు చూపిస్తోంది. మే నెలలో 45 డిగ్రీలకు మాడే ఊరు డిసెంబర్‌లో ఇట్లా ఎందుకైతది టీచర్ అని క్లాసులో పిల్లలు అడుగుతుంటారు. సముద్రం దూరం, ఆకాశంలో మబ్బుండదు, పగలు నేల పట్టిన వేడి రాత్రంతా పైకి పోతుంది, దానికి తోడు ఉత్తరపు గాలి. చెప్పడం సులువే. లేచి ఆ గాలిలోకి ఉరకడానికి ఏం తొడుక్కోవాలన్నదే రోజూ ఆలోచన.

నిన్న తప్పు చేశాను. లోపల పత్తి బనీను, దాని మీద అమ్మ అల్లిన ఉన్ని స్వెట్టర్, ఆపైన శాలువా. గేటు దగ్గర హాయిగానే ఉంది. రెండో కిలోమీటరుకు చెమటలు. శాలువా తీసి నడుముకు కట్టుకున్నా, స్వెట్టర్ గుండీలు విప్పుకున్నా. ఆగిన రెండు నిమిషాలకు బనీను వీపుకు అతుక్కుంది. తడిగుడ్డ చుట్టినట్టు చలి ఎముకల్లోకి దిగింది. స్కూల్లో మధ్యాహ్నం దాకా ఆ వణుకు వదల్లేదు.

అందుకే ఇవాళ లెక్క మార్చాను. పరుగు మొదలైతే ఒంట్లో వేడి పుడుతుంది కదా, బయట ఉన్నదానికి ఇంకో పది డిగ్రీలు కలిపి బట్టలు వేసుకోవాలి. 7 ఉంటే 17 అనుకోవాలి. గేటు దాటేటప్పుడు కొంచెం వణకాలి, అది పది నిమిషాల్లో పోతుంది. ఒంటికి ఆనుకొని పలచటి పాలిస్టర్ జెర్సీ. మొదట్లో అది ఒంటికి అంటుకుని ఉంటే రోడ్డు మీదికి రావడానికి మనసు ఒప్పేది కాదు. అందుకని పైన వదులుగా పూర్తి చేతుల టీషర్టు వేసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ రెంటి మధ్య నిలిచే గాలే నన్ను వెచ్చగా ఉంచుతోంది.

కింద ట్రాక్ ప్యాంటు. చేతులకు పాత ఉన్ని సాక్సులు తొడిగాను. వేళ్లన్నీ ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి కాబట్టి విడివిడి వేళ్ల గ్లవ్స్ కన్నా ఇవే నయం. చెవుల మీదుగా చున్నీ మడతపెట్టి వెనక ముడి. బాపు మంకీ టోపీ ఉంది గానీ, ఊపిరి ఆవిరికి నోటి దగ్గర తడిసి చల్లబడుతుంది. టీషర్టు పసుపుది, అదీ ఏరి కొన్నదే. ఈ రోజుల్లో పావు తక్కువ ఏడు దాకా పొద్దు పొడవదు. పొగమంచులో పత్తి బండ్లు యార్డుకు వరస కడతాయి. డ్రైవర్ కంటికి నేను ఆనాలి.

తమ్ముడు మాత్రం పత్తి బనీను మీద దళసరి హుడీ వేసుకుని బయల్దేరాడు.

"ఏం గాదక్కా, ఉరికితె వేడైతది."

వాడు కానిస్టేబుల్ కొలువుకు తయారవుతున్నాడు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. వాడికి పొద్దున లేస్తే ఆ అంకె తప్ప ఇంకేం కనపడదు. ఇవాళ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో 7 నిమిషాల 6 సెకన్లలోనే పూర్తి చేశాడు. ఆ సంతోషంలో హుడీ పీకి పక్కన పడేసి మెట్ల మీద కూలబడ్డాడు. లైటు వెలుగులో వాడి వీపు మీంచి ఆవిరి లేస్తోంది, వాన వెలిశాక ఎండకు రోడ్డు మీంచి లేచినట్టు. నేను ఇంకో రౌండ్ తిరిగి వచ్చేసరికి వాడి పళ్లు టకటకలాడుతున్నాయి. బూటు లేసు విప్పబోతే వేళ్లు మాట వినడం లేదు. వీపు మీద చెయ్యి వేశాను. బనీను పిండితే నీళ్లు కారేటట్టుంది.

"బనీను ఇడువురా ముందు."

"గీడనా?"

"గీడనే."

సిగ్గుపడి అటు తిరిగి విప్పాడు. తువ్వాలతో తుడిచి, నా సంచిలో ఉన్న పొడి చొక్కా ఇచ్చి, పైన బాపు గొంగడి కప్పాను. పరుగయ్యాక కప్పుకోవడానికి రోజూ దాన్ని తెచ్చుకుంటాను. ఎవరైనా నవ్వుతారని వాడు కాసేపు పేచీ పెట్టాడు, వెచ్చబడ్డాక మాట్లాడలేదు. కురుమలు దక్కని గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి అది. వానలో గొర్లను కాసే వాళ్లు దాన్ని నెత్తి మీద వేసుకుని గంటలు గంటలు నిలబడతారు. ఉన్ని నీళ్లు తాగినా వెచ్చదనం చాలాసేపు పోనివ్వదు. పత్తి అట్లా కాదు, తడిస్తే ఒంటికి అంటుకుపోతుంది. నీళ్లు మన ఒంటి వేడిని గాలి కన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తాయి.

ఇంటికి వచ్చేసరికి బాపు వాకిట్లో పరదా పరిచి, పత్తి ఆరబోయడానికి ఎండ కోసం చూస్తున్నాడు. గుప్పెడు తీసి పిడికిట్లో గట్టిగా నొక్కి వదిలాడు. ఎండిన పత్తి వెంటనే పొంగుతుంది. ఇది ముద్దలాగే ఉండిపోయింది. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, ఆపైన ఒక్కో శాతానికి కోత, 12 దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఈ మంచుకు బాపుకు కంటి మీద కునుకు లేదు.

ఆ పిడికిలి చూస్తే నాకు తమ్ముడి బనీను గుర్తొచ్చింది. మామూలు గాలిలో ఉన్నప్పుడే దూది తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమ పట్టుకుంటుంది. ఉన్ని 16 శాతం దాకా పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. చెమటను తనలోకి తీసుకోదు, పైకి పాకించి గాలికి వదిలేస్తుంది. డిగ్రీలో చదివిన అంకెలే ఇవి. ఇంటి పంటకూ నా ఒంటి బట్టకూ కలిపి ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆలోచించలేదు.

"నీ పత్తి మంచు తాగుతున్నట్టే మా బనీన్లు చెమట తాగుతున్నయి బాపు. సలిల పత్తి ఏసుకోని ఉరకద్దు."

బాపు కొంచెంసేపు ఏమీ అనలేదు. నొక్కిన పత్తిని వేళ్లతో విడదీస్తూ కూర్చున్నాడు.

"పత్తిది తప్పేముంది బిడ్డా. ఎండకాలం దాని లెక్క సల్లగ ఏది ఉంటది?"

నిజమే. మేలో ఆరు గంటలకే కాలే రోడ్డు మీద నేను వేసుకునేది పత్తి చొక్కానే. అప్పుడు ఆ తడి ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది కాబట్టే ప్రాణం లేచొస్తుంది. బాపుకు ఆ మాటే చెప్పాను. తలూపి, ఎండ పడ్డ మూలకు పరదా లాగాడు.

జొన్నరొట్టె తిని, తడి బట్టలు రెండూ జాడించి దండెం మీద పక్కపక్కన ఆరేశాను. నేను స్కూలుకు బయల్దేరేసరికి జెర్సీ ఆరిపోయింది. సాయంత్రం వచ్చి చూస్తే బనీను అంచు ఇంకా చల్లగా తగిలింది.

రేపటివి కుర్చీ మీద పెట్టుకున్నాను. రాత్రి అన్నం తింటూ తమ్ముడు తల ఎత్తకుండా అడిగాడు.

"అక్కా, గసొంటి జెర్సీ ఇంకోటి ఉన్నదా?"